పదహారు పేర్లలో ఏడోది

యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు మనలో చాలామందికి క్విజ్ ప్రశ్నగానే పరిచయం. ఏటీపీని కనుక్కున్న తెలుగువాడు ఎవరు? బజర్ నొక్కు, పది పాయింట్లు, తర్వాతి ప్రశ్న. మా హాస్టల్లో భీమవరం బ్యాచ్ అయితే మా ఊరాయనే అని కాలరెగరేస్తారు. అంతకుమించి అడిగితే వాళ్లకీ తెలీదు.

నేను ఆయన గురించి చదవడం మొదలుపెట్టింది ఏటీపీ కోసం కాదు. ఎమ్మెస్ అప్లికేషన్ల సీజన్ కదా, మా రూముల్లో రాత్రిపూట ఒకటే చర్చ: ఏ యూనివర్సిటీలో ఫండింగ్ వస్తుంది, ఏ ప్రొఫెసర్ కింద చేరితే పేపర్ మీద మన పేరు పడుతుంది, కంపెనీ స్పాన్సర్ చేసిన ల్యాబ్ మంచిదా కాదా అని. ఈ మూడు ప్రశ్నలూ ఒక మనిషి నెత్తిన ఒకేసారి పడితే ఎలా ఉంటుందో తెలియాలంటే బోస్టన్‌లోని హార్వర్డ్ మెడికల్ స్కూల్‌కి, దాని చుట్టూ ఉన్న ఆస్పత్రులకి వెళ్లాలి. అదీ వందేళ్ల కిందటి బోస్టన్‌కి.

ముందు ఇక్కడి సంగతి. సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. తండ్రి రెవెన్యూ శాఖలో పనిచేస్తూ ఆరోగ్యం బాగోక ముందే ఉద్యోగం మానుకున్నారు. ఏడుగురు పిల్లల ఇల్లు, చాలీచాలని డబ్బు. పదమూడేళ్ల వయసులో కాశీ వెళ్లి యాత్రికులకి అరటిపళ్లు అమ్ముకుని బాగుపడదామని ఇంట్లోంచి బయల్దేరితే, తల్లి వెనక్కి పట్టుకొచ్చి మళ్లీ బడిలో కూర్చోబెట్టారని అంటారు. ఆ బడి చదువు కూడా సాఫీగా సాగలేదు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని గట్టెక్కలేదు, అదీ మద్రాసు హిందూ హైస్కూల్ నుంచి. సప్లీలు ఉన్నవాళ్లు ఇక్కడ కాసేపు ఆగి ఊపిరి పీల్చుకోవచ్చు.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్ అయ్యాక రామకృష్ణ మిషన్‌లో చేరి సన్యాసం పుచ్చుకుందామనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. మిషన్ వాళ్లు కూడా డాక్టరై సేవ చెయ్యమని సలహా ఇచ్చారు. అలా మద్రాస్ మెడికల్ కాలేజీలో చేరారు. ఫీజులు స్నేహితుల సాయంతోనూ, తర్వాత మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి గారి డబ్బుతోనూ నడిచాయి. ఆయన కూతురు శేషగిరి గారితోనే సుబ్బారావు గారికి పెళ్లైంది. గాంధీగారి పిలుపు విని ఈయన సర్జరీ క్లాసుకి ఖద్దరు గౌను వేసుకుని వెళ్లడం మొదలుపెట్టారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్ దొరకి అది నచ్చలేదు. చివరికి ఈయన చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, అంతకంటే ఒక మెట్టు తక్కువైన ఎల్ఎంఎస్. బట్ట మీద పంతం ఖరీదు ఒక డిగ్రీ. ఆ ఎల్ఎంఎస్ తర్వాత కూడా చాలాకాలం ఆయన్ని వెంటాడింది.

ఈ మధ్యలోనే ఇంకో దెబ్బ. అన్నదమ్ములు ఇద్దరు రోజుల తేడాతో చనిపోయారు. జబ్బు పేరు స్ప్రూ. తిన్నది ఒంటబట్టదు, విరేచనాలు తగ్గవు, రక్తం పాలిపోయి మనిషి శుష్కించిపోతాడు. దానికి అప్పటికి మందు లేదు, అసలు ఎందుకొస్తుందో కూడా తెలీదు. సుబ్బారావు గారికీ ఆ జబ్బు వచ్చిందనీ, ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో తేరుకున్నారనీ చెబుతారు. మద్రాసు మెడికల్ సర్వీసులో ఉద్యోగం దొరక్క, ఆ లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలోనే అనాటమీ పాఠాలు చెప్పారు కొంతకాలం.

అమెరికా వెళ్లాలన్న ఆలోచన అక్కడే బలపడింది. మరి డబ్బు? కొంత మామగారు ఇచ్చారు. కొంత కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ చారిటీస్ ఇచ్చింది. ఎంఎస్ఎన్ కాలేజీ మీదుగా వెళ్లిన కాకినాడ వాళ్లకి ఈ పేరు కొత్త కాదు. ఒక ఊరి ధర్మనిధి డబ్బుతో ఒక ఎల్ఎంఎస్ డాక్టరు ఓడెక్కాడన్నమాట. చదువయ్యాక తిరిగొస్తానని భార్యకి చెప్పి వెళ్లారు.

1920ల మొదట్లో బోస్టన్‌లో దిగి హార్వర్డ్ ట్రాపికల్ మెడిసిన్ స్కూల్లో చేరారు. సీటైతే ఉంది, స్కాలర్‌షిప్ లేదు. ఎల్ఎంఎస్ చదువుని అక్కడ డాక్టరుద్యోగానికి లెక్కలోకి తీసుకోలేదు. దాంతో పీటర్ బెంట్ బ్రిగమ్ ఆస్పత్రిలో నైట్ పోర్టర్‌గా చేరారు. రాత్రంతా రోగుల బెడ్‌పాన్లు తీసి కడగడం, పొద్దున క్లాసులకి వెళ్లడం. పార్ట్‌టైమ్ జాబ్ అని మనవాళ్లు ఇన్‌స్టాలో పెట్టే ఫొటోలకీ దీనికీ చాలా తేడా ఉంది.

డిప్లొమా 1924లో చేతికొచ్చింది. తర్వాత అదే మెడికల్ స్కూల్లో బయోకెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్‌కి మారారు. డిపార్ట్‌మెంట్ పెద్ద ఒట్టో ఫోలిన్. సుబ్బారావు గారు పనిచేసింది మాత్రం సైరస్ ఫిస్క్ దగ్గర. ఇక్కడి నుంచి అసలు కథ.

ఫిస్క్ ఇచ్చిన పని వినడానికి చాలా చిన్నది. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో తేలిగ్గా, కచ్చితంగా కొలవడానికి ఒక పద్ధతి కావాలి. ఫాస్ఫేట్ ఉన్న ద్రావణానికి ఆమ్లంలో మాలిబ్డేట్ కలిపి, తర్వాత ఒక రెడ్యూసింగ్ ఏజెంట్ వేస్తే నీలం రంగు వస్తుంది. రంగు ఎంత ముదురైతే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. ఇందులో ఏ రెడ్యూసింగ్ ఏజెంట్ వాడాలి, ఎంత, ఏ ఆమ్లతలో అన్నది తేల్చడమే పనంతా. 1925లో పేపరొచ్చింది, ఫిస్క్-సుబ్బారావ్ మెథడ్ అని పేరు స్థిరపడింది. మన బయోటెక్ బ్రాంచ్ వాళ్ల ల్యాబ్ రికార్డులు తిరగేస్తే ఆ పేరు ఇప్పటికీ కనబడుతుంది. నాకైతే ఆయన చేసిన పనులన్నిట్లోకీ ఇదే ఎక్కువ ఇష్టం, ఎందుకంటే తర్వాతి రెండు పెద్ద సంగతులూ దీన్లోంచే ఊడిపడ్డాయి.

ఎలాగంటే, ఈ పద్ధతిని కండరం నుంచి తీసిన ద్రావణం మీద వాడినప్పుడు రంగు మామూలుగా రాలేదు. ఒకేసారి వచ్చి ఆగిపోవాల్సిన నీలం, టైమ్ గడిచేకొద్దీ పెరుగుతూ పోయింది. ఇంకొకరైతే రీడింగ్ తేడా వచ్చిందని పారబోసి మళ్లీ మొదలుపెట్టేవాళ్లే. వీళ్లు పారబొయ్యలేదు. ద్రావణంలో ఏదో నిలకడలేని పదార్థం ఉంది, అది పరీక్ష జరుగుతుండగానే విరిగిపోతూ ఫాస్ఫేట్‌ని కొద్దికొద్దిగా వదులుతోంది అని గ్రహించారు. తీగ లాగితే దొరికింది ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ప్రకటించారు. కండరం పనిచేసినప్పుడు అది తగ్గుతుంది, విశ్రాంతి తీసుకుంటే మళ్లీ తయారవుతుంది. దాదాపు అదే సమయంలో ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా ఇదే పదార్థం జాడ పట్టుకున్నారు.

దీని బరువు ఎంతంటే, కండరం శక్తి గురించి 1922 నోబెల్ బహుమతి అప్పటికే హిల్, మేయర్‌హాఫ్‌ల ఇళ్లకి చేరిపోయింది. గ్లైకోజన్ నుంచి లాక్టిక్ ఆమ్లం తయారవడమే కండరాన్ని నడిపిస్తుందని అందరూ పాఠాలు చెప్పుకుంటున్నారు. ఆ పాఠంలో ఫాస్ఫరస్‌కి పెద్ద పాత్ర లేదు. ఫాస్ఫోక్రియాటిన్ రాకతో ఆ కట్టడం కదలడం మొదలైంది. రెండేళ్లకి, 1929లో, ఏటీపీ. అదే ఏడాది జర్మనీలో మేయర్‌హాఫ్ ల్యాబ్‌లోనే కార్ల్ లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుక్కున్నారు. కాబట్టి సుబ్బారావు గారు ఒక్కరే కనిపెట్టారని మనవాళ్లు ఫార్వర్డ్ చేసే మెసేజ్ సరికాదు. ఫిస్క్‌తో కలిసి కనుక్కున్నారు, లోమన్ వేరుగా కనుక్కున్నారు. ఇలా చెప్పినంత మాత్రాన ఆయన పరువేం తగ్గదు.

1930లో పీహెచ్‌డీ వచ్చింది. మామూలుగా అయితే కథ ఇక్కడ మలుపు తిరగాలి. ఏటీపీ కనుక్కున్నవాడికి, అదీ అదే ల్యాబ్‌లో, అదే యూనివర్సిటీలో, పర్మనెంట్ పోస్టు రాకుండా ఉంటుందా? రాలేదు. ఇంకో పదేళ్లు అక్కడే ఉన్నారు. పక్కా అధ్యాపక స్థానం హార్వర్డ్ ఇవ్వలేదు.

కారణాలు ఎవరికి తోచినవి వాళ్లు చెబుతారు. ఆయన తన గురించి తాను చెప్పుకోని మనిషి అనేది ఒకటి. అప్పటి అమెరికాలో ఆసియా వాళ్ల పరిస్థితి ఇంకొకటి. 1917 చట్టం మనవాళ్ల వలసకి తలుపులు మూసింది, 1923లో సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని తేల్చింది. మూడోది ఫిస్క్. జార్జ్ హిచింగ్స్ అని ఒక కుర్ర శాస్త్రవేత్త అప్పుడు అదే డిపార్ట్‌మెంట్‌లో ఉండేవారు, 1988లో నోబెల్ అందుకున్నది ఆయనే. సుబ్బారావు గారు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్లని ఎన్నో ఏళ్ల తర్వాత వేరేవాళ్లు మళ్లీ కొత్తగా కనుక్కోవాల్సి వచ్చిందనీ, ఫిస్క్ ఆ ఫలితాలని బయటికి రానివ్వకపోవడమే దానికి కారణమనీ, అసూయే అయ్యుంటుందనీ హిచింగ్స్ తర్వాతి కాలంలో చెప్పారు. ఫిస్క్ వైపు మాట మన దగ్గర లేదు కాబట్టి నేను తీర్పివ్వను. కానీ గైడ్ బీరువాలో ఉండిపోయిన రిజల్ట్ అంటే ఏమిటో రీసెర్చ్‌లో ఉన్న సీనియర్లని అడగండి, ముఖాలు చూస్తేనే తెలుస్తుంది.

ఆ పదేళ్లూ ఆయన ఖాళీగా లేరు. పెర్నీషియస్ ఎనీమియాకి లివర్ తినిపిస్తే తగ్గుతుందని మైనాట్, మర్ఫీ 1926లో చూపించారు. మర్ఫీ పనిచేసింది ఏ ఆస్పత్రిలోనో తెలుసా? బెడ్‌పాన్లు కడిగిన ఆ బ్రిగమ్‌లోనే. లివర్లో ఉన్న ఆ మందు పదార్థం ఏమిటన్నది అప్పుడు అందరి ముందూ ఉన్న ప్రశ్న. సుబ్బారావు గారు దాన్ని పట్టుకున్నారు. హిచింగ్స్‌తో కలిసి పాంటోథెనిక్ ఆమ్లం మీద కూడా పేపర్ రాశారు. కాకపోతే లివర్ రసం నుంచి మిల్లీగ్రాముల్లో ఉండే పదార్థాన్ని వేరుచెయ్యాలంటే లివర్ టన్నుల్లో కావాలి. టన్నులు కడిగి, వడగట్టి, ఇంకబెట్టే సరంజామా యూనివర్సిటీ గదిలో ఉండదు. కంపెనీలో ఉంటుంది.

1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ లేబొరేటరీస్‌కి వెళ్లిపోయారు. అమెరికన్ సైనమిడ్ అనే పెద్ద రసాయన కంపెనీలో అది ఒక విభాగం. కొద్దికాలానికే అక్కడి రీసెర్చ్ మొత్తానికి డైరెక్టరయ్యారు. పోర్టరుగా, తర్వాత ఒకరి కింద పనివాడిగా ఉన్న మనిషికి నలభై అయిదేళ్లు దాటాక మొదటిసారి బడ్జెట్ చేతికొచ్చింది. దాంతో ఆయన ఏం చేశారన్నది నాకు చాలా ఆసక్తిగా అనిపించింది. తన పేరు మీద ఒక ల్యాబ్ కట్టుకోలేదు. రసాయన శాస్త్రవేత్తలు, సూక్ష్మజీవుల వాళ్లు, జంతువుల మీద పరీక్షలు చేసేవాళ్లు, బయటి ఆస్పత్రుల డాక్టర్లు, వీళ్లందరినీ ఒక సమస్య చుట్టూ కూర్చోబెట్టారు.

మొదటి వేట లివర్ పదార్థమే. ఇందులో మనదేశం వాసన కూడా ఉంది. ల్యూసీ విల్స్ అనే ఇంగ్లండ్ డాక్టరమ్మ 1930 ప్రాంతంలో బొంబాయిలో గర్భిణులకి వచ్చే రక్తహీనత మీద పనిచేస్తూ, ఈస్ట్ నుంచి తయారయ్యే మార్మైట్ తినిపిస్తే అది తగ్గుతుందని గమనించారు. అందులో ఉన్నదేమిటో అప్పుడు ఎవరికీ తెలీదు. 1941లో టెక్సాస్‌లో టన్నుల కొద్దీ పాలకూర నుంచి కొంచెం పదార్థం తీసి ఫోలిక్ ఆమ్లమని పేరుపెట్టారు. లెడర్లీ జట్టు లివర్ నుంచి దాన్ని శుద్ధంగా రాబట్టి, దాని నిర్మాణం తేల్చి, 1945 నాటికి ల్యాబ్‌లోనే తయారుచేసింది. 1946లో సైన్స్ పత్రికలో వచ్చిన పేపర్ మీద 16 పేర్లున్నాయి. మొదటి ఎనిమిది అక్షరక్రమంలో, తర్వాతి ఎనిమిది మళ్లీ అక్షరక్రమంలో. డైరెక్టరు గారి పేరు ఏడోది. ఫస్ట్ ఆథర్ కోసం నలుగురు సభ్యుల ప్రాజెక్టులో మనం పడే గొడవలు గుర్తొచ్చి నాకు నవ్వొచ్చింది.

తమాషా ఏమిటంటే, వాళ్లు వేటాడింది పెర్నీషియస్ ఎనీమియా మందుని, దొరికింది వేరొకటి. అసలుది విటమిన్ బీ12 అని 1948లో మెర్క్ కంపెనీ వాళ్లు తేల్చారు. కానీ ఈ దొరికిన ఫోలిక్ ఆమ్లం దేనికి బ్రహ్మాండంగా పనిచేసిందో తెలుసా? స్ప్రూకి. అన్నదమ్ముల్ని తీసుకుపోయిన ఆ జబ్బుకే. రెండు దశాబ్దాలు దాటాక మందొచ్చింది.

ఇక్కడి నుంచి కథ మళ్లీ బోస్టన్‌కే వెళ్తుంది. పిల్లల ఆస్పత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే పాథాలజిస్టు ఉన్నారు. లుకేమియా పిల్లలు వారాల్లో, నెలల్లో చనిపోతుంటే శవపరీక్షలు చెయ్యడమే ఆయన పని. ఫోలిక్ ఆమ్లపు రూపాలు ఇచ్చి చూస్తే జబ్బు తగ్గకపోగా వేగం పుంజుకున్నట్టు ఆయనకి కనిపించింది. అంటే ఫోలిక్ ఆమ్లం కణాలకి మేత అన్నమాట. మరి మేత లాగే కనిపించి గొంతుకి అడ్డంపడే నకిలీది పెడితే? అలాంటి నకిలీలు చెయ్యగలిగిన కెమిస్టులు లెడర్లీలో ఉన్నారు, నిర్మాణం తెలిసినవాళ్లు వాళ్లే కదా. సుబ్బారావు గారి జట్టు ఒక్కొక్కటీ తయారుచేసి పంపింది. వాటిలో అమినోప్టెరిన్ పనిచేసింది. 1947 డిసెంబరులో మొదలుపెట్టి, 1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు ప్రకటించారు. 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గింది. తాత్కాలికంగానే. కానీ అప్పటిదాకా రక్త క్యాన్సర్ మందుకి లొంగుతుందని నమ్మినవాళ్లే తక్కువ. దాని తమ్ముడే మెథోట్రెక్సేట్. ఇప్పటికీ క్యాన్సర్ వార్డుల్లో ఉంది. కీళ్లవాతానికి డాక్టర్లు వారానికోసారి రాసే మాత్ర కూడా అదే. మీ ఇంట్లో అమ్మమ్మల మందుల డబ్బా చూడండి, ఉండొచ్చు.

ఫార్బర్ పేపర్ మీద సుబ్బారావు గారి పేరు లేదు. ఫార్బర్ పేరు మాత్రం బోస్టన్‌లో ఒక పెద్ద క్యాన్సర్ సంస్థకే ఉంది.

గోదావరి జిల్లాల వాళ్లకి ఇంకా దగ్గరి సంగతి ఒకటుంది. బోదకాలు. యుద్ధంలో పసిఫిక్ దీవులకి వెళ్లిన అమెరికా సైనికులకి ఫైలేరియా సోకడంతో దానికి మందు కావాల్సి వచ్చింది. రెడ్జినల్ హ్యూయిట్ నాయకత్వంలో లెడర్లీ వాళ్లు ఎలుకల మీద మందులు పరీక్షిస్తూ పోయి, 1947లో హెట్రజాన్ ప్రకటించారు. అదే డీఈసీ. రాత్రిపూట ఆరోగ్య శాఖ వాళ్లు వీధుల్లోకొచ్చి వేలికి సూది గుచ్చి రక్తం తీసుకెళ్లడం, తర్వాత ఇంటింటికీ వచ్చి మా ముందే మింగండి అని మాత్రలివ్వడం కోస్తాలో పెరిగినవాళ్లకి గుర్తుంటుంది. దేశమంతటా ఆ మాత్రల కార్యక్రమం 2004లో మొదలైంది. ఆ మాత్ర ఈయన ల్యాబ్‌దే. భీమవరంలో పుట్టిన మనిషి పెర్ల్ రివర్ నుంచి పంపిన మందు అమెరికా సైన్యం మీదుగా భీమవరం చేరింది.

నాలుగోది ఆరియోమైసిన్. బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్ర ప్రొఫెసర్ విస్కాన్సిన్ యూనివర్సిటీలో రిటైరయ్యాక, డెబ్బై దాటిన వయసులో లెడర్లీ ఆయన్ని పనిలోకి తీసుకుంది. మట్టి నమూనాలు తెప్పించి వాటిలో సూక్ష్మజీవుల్ని వెతకడం ఆయన పని. మిస్సోరి యూనివర్సిటీ వాళ్ల ప్రయోగ పొలం నుంచి వచ్చిన మట్టిలో బంగారు రంగు సూక్ష్మజీవి ఒకటి దొరికింది. టెట్రాసైక్లిన్ జాతి యాంటీబయాటిక్స్‌లో మొదటిది అదే. 1948 జులై 21న న్యూయార్క్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ సమావేశంలో దాని మీద పేపర్లు చదివారు. యూనివర్సిటీ మట్టి పంపింది, రిటైరైన ప్రొఫెసరు వెతికారు, కంపెనీ డబ్బు పెట్టింది, ఆస్పత్రులు పరీక్షించాయి. కొలాబరేషన్ అనే మాటని మన సెమినార్ హాల్ బ్యానర్ల మీద వందసార్లు చూశాను గానీ, దాని అర్థం నాకు ఈ మందు దగ్గరే తెలిసింది.

ఆ సమావేశమయ్యి మూడు వారాలు కూడా తిరగలేదు. 1948 ఆగస్టు 8 రాత్రి పడుకున్న సుబ్బారావు గారు మర్నాడు లేవలేదు. గుండె ఆగిపోయింది. వయసు 53. 1946లో చట్టం మారి భారతీయులకి పౌరసత్వం తలుపు తెరుచుకున్నా, ఆయన అమెరికా పౌరుడిగా చనిపోలేదు. ఇండియాకీ తిరిగి రాలేదు. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు, ఆ బిడ్డని ఆయన చూడనే లేదు. శేషగిరి గారు ఇక్కడే ఉండిపోయారు. ఆయన మీద వచ్చే వ్యాసాలన్నీ ఆవిడకి ఒక్క వాక్యం ఇచ్చి ముందుకెళ్లిపోతాయి. నేనూ అంతకంటే రాయలేకపోతున్నాను, ఎందుకంటే ఆవిడ ఏమనుకున్నారో రాసిపెట్టిన కాగితం నాకెక్కడా దొరకలేదు. ఆ ఫండింగ్‌లో పెద్ద వాటా ఆవిడ పుట్టింటిది, ఆ పాతికేళ్లూ ఆవిడవి.

ఆయన శతజయంతికి, 1995లో, మన తపాలా శాఖ స్టాంపు వేసింది. అంతకుముందే, 1953లో, హెసెల్టైన్ అనే శాస్త్రవేత్త మురుగునీటిని శుద్ధిచేసే ఫిల్టర్లో ఎవరూ చూడని బూజు ఒకటి కనిపెట్టి, దానికి సుబ్బారోమైసిస్ స్ప్లెండెన్స్ అని పేరుపెట్టారు.